రోడ్డు పక్కన పచ్చగా

విరుదునగరం బజారులో ఒక పప్పు మిల్లు యజమాని మా సార్‌తో పూటంతా వాదించాడు. మధ్యలో మాకు టీ తెప్పించాడు, వడలు తెప్పించాడు, వాదన మాత్రం ఆపలేదు. సార్ తీసుకెళ్ళింది చిన్న వస్తువు. ఒళ్ళంతా సన్నటి రంధ్రాలున్న గొట్టం. దాన్ని పప్పు మూటలోకి గుచ్చి ఉంచితే లోపల తిరిగే పురుగులు ఆ రంధ్రాల్లో దూరి అడుగునున్న గిన్నెలో పడతాయి. పురుగు పట్టిన సంగతి మూట పాడవకముందే తెలుస్తుంది. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పురుగు పట్టాక పట్టిందని తెలిసి ఏం లాభమన్నాడు. గొట్టం కొన గోనెసంచిని చింపుతుందన్నాడు. తన తాత వేపాకుతోనే కాలం వెళ్ళదీశాడన్నాడు. కాలేజీ వాళ్ళకు బజారులో తిరగడానికి ఏదో ఒక సాకు కావాలి కదా అని కూడా అన్నాడు. సార్ ముఖం ఎర్రబడింది. ఈ మిల్లు గడప మళ్ళీ తొక్కనని బయటికి వచ్చాక నాతో అన్నారు. తర్వాతి వారం నేను అటు వెళ్తే, ఆ యజమాని రేకుల పనివాడి దగ్గర కూర్చుని అలాంటి గొట్టాలు వరసగా చేయించుకుంటున్నాడు. కొన మాత్రం మొద్దుగా ఉండాలని చెప్పి మరీ చేయిస్తున్నాడు.

ఆ రోజుల్లోనే మా చిన్నమ్మ ఊళ్ళో సార్ ఇంకో విషయం చెప్పారు. ఊరంతా చాప మీద కూర్చుని శ్రద్ధగా విని, సరి సార్, సరి సార్ అని తలలూపారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. తిరిగొస్తూ సార్ ఆనందం పట్టలేకపోయారు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. తిట్టినవాడు చేస్తున్నాడు, మెచ్చుకున్నవాళ్ళు ఏం చేస్తారో చూడాలి అనుకున్నాను. చదువు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి ఎలా పోతుందన్న కుతూహలం నాకు అక్కడే పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

ఇది తొంభైల చివరి మాట. నేను అప్పుడే విరుదునగరంలో వృక్షశాస్త్రం డిగ్రీ పూర్తి చేశాను. ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు కోవిల్‌పట్టిలో అద్దె ఇంట్లో చిన్న ఆఫీసు తెరిచి, తమ దగ్గరున్న పరిశోధనల్ని చుట్టుపక్కల బజార్లకూ పల్లెలకూ చేర్చే పథకం ఒకటి మొదలుపెట్టారు. దానికి ఒక సహాయకురాలు కావాలన్నారు. ఇంటర్వ్యూకి నేను రాత్రంతా మొక్కల పేర్లు బట్టీపట్టి వెళ్తే, వాటి గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతావని అడిగారు. తెలుగు అన్నాను. అయితే సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ చుట్టుపక్కల చెల్లాచెదురుగా ఉన్న పల్లెల్లో మా వాళ్ళే ఎక్కువ. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నేను బాగా పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవి.

ఆ ఆఫీసుకి పెద్ద మా సార్. తంజావూరు వైపు మనిషి. కాలువ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని పెరిగినవాడు. మా నల్లరేగడి నేలల్ని మొదటిసారి వేసవిలో చూసినప్పుడు, పగుళ్ళలోకి తొంగి చూసి, ఇందులో మనుషులు ఏం పండిస్తారని నన్నే అడిగారు. ఆయనకు గర్వం లేదు. కానీ అందరూ తన మాట వింటారని నమ్మే అమాయకత్వం మాత్రం దండిగా ఉండేది. ఆయన్ను చూస్తే నాకు గౌరవమూ చిరాకూ రెండూ కలిగేవి.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ఊరు కోవిల్‌పట్టికీ సాత్తూరుకీ మధ్య, పెద్ద రోడ్డు నుంచి లోపలికి పోవాలి. చిన్నాన్న విరుదునగరంలో గోదాములో మూటలు మోస్తూ అక్కడే ఉండి, ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. చేను, ఎద్దుల జత, ఇల్లు అంతా ఆమె చేతి మీదే నడిచేది. చేలో జొన్న వేసేది. గింజ ఇంటికి, చొప్ప ఎద్దులకి. చొప్ప లేకపోతే ఎద్దులు ఉండవు, ఎద్దులు లేకపోతే చేను ఉండదు. అప్పటికే రెండు మూడేళ్ళుగా వాన సరిగ్గా రావడం లేదు. తెల్లవారగానే ఆ ఊరికి ఒక వ్యాను వచ్చి ఆడవాళ్ళని వెంబకోట్టై వైపు బాణసంచా పనికి ఎక్కించుకుపోయేది. ఒకసారి జొన్న రాకపోతే ఎద్దుల్ని అమ్మి తానూ ఆ బండెక్కేస్తానని చిన్నమ్మ మామూలుగా, కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పేది.  ఆ వైపు నుంచి ఎప్పుడైనా దబ్బుమని శబ్దం వస్తే, ఊళ్ళో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడేవాళ్ళు. అది నేను చిన్నప్పట్నుంచీ చూసిందే.

మా దగ్గర వాన రాకముందే, పొడి నేలలోనే విత్తుతారు. పురట్టాసి నెలలో, సెప్టెంబరు అక్టోబరుల మధ్య, ఎద్దులకు గొర్రు కట్టి విత్తనం వేసి, ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. వాన బాగా పడి, ఆ తర్వాత ఆగకుండా వస్తే పంట. కానీ ఒక్కోసారి ఒక జల్లు పడి మోసం చేస్తుంది. గింజ తడిసి మొలకెత్తుతుంది, తర్వాత వారాల తరబడి చుక్క పడదు. మొలక మాడిపోతుంది. సార్ తెచ్చిన ఉపాయం దీనికే. విత్తే ముందు గింజల్ని పొటాష్ కలిపిన నీళ్ళలో కొంతసేపు నానబెట్టి, మొలక బయటికి రాకముందే తీసి, నీడలో మళ్ళీ మునుపటిలా ఆరబెట్టాలి. అలా ఒకసారి తడిసి ఆరిన విత్తనం ఎండని తట్టుకుంటుందని, తర్వాత వాన తగలగానే తొందరగా లేస్తుందని ఆయన చెప్పారు. బొమ్మలు గీసిన చార్టు కూడా వేలాడదీశాం. సరి సార్ అన్నారు అందరూ. మా చిన్నమ్మ అందరికంటే గట్టిగా అంది. ఇంటికి పిలిచి, ఉన్న ఒక్క కుర్చీ వేసి, పాలు ఎక్కువ పోసి కాఫీ ఇచ్చింది. మేము నానబెట్టి ఆరబెట్టిన విత్తనాన్ని ప్రతి ఇంటికీ సంచి నిండా ఇచ్చి వచ్చాం.

ఆ ఏడు మోసపు జల్లే పడింది. తర్వాత ఎండ. కార్తీక మాసంలో ఒక ఆదివారం నేను చిన్నమ్మను చూడడానికి వెళ్ళాను. బస్సు దిగి ఊరి దారి పట్టగానే నాకు కళ్ళు చెదిరాయి. రోడ్డుకి రెండు పక్కలా జొన్న మోకాలెత్తున పచ్చగా, ఒత్తుగా నిలబడి ఉంది. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. సార్ ఉంటే ఎగిరి గంతేసేవారు. నేనే దాదాపు వేశాను. చిన్నమ్మ చేను కూడా రోడ్డు పక్కనే కాబట్టి, అక్కడే పచ్చటి వరసల్ని తోసుకుని లోపలికి దిగాను. కొంచెం దూరం పోయేసరికి పచ్చదనం అయిపోయింది. అటుపైన చేనంతా నల్లగా, ఎండిన మొలకలు తీగముక్కల్లా అక్కడక్కడా. పక్క చేను చూశాను. అదీ అంతే. దాని పక్కదీ అంతే. ఊరు ఊరంతా రోడ్డు వెంట పచ్చటి అంచు, లోపల బీడు.

ఇంటికి వెళ్ళి ఇదేమిటి చిన్నమ్మా అని నిలదీశాను. ఆమె ఎద్దులకు నీళ్ళు పెడుతూ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది.

"మళ్ళ ఏం సేసేది పాపా? ఆయన అంత దూరం నించి వచ్చి సెప్పినాడు. రోడ్డు మీద పోతా సూసినప్పుడు ఆయన మనసు నొచ్చుకోదా?"

సార్ ఇచ్చిన విత్తనాన్ని రోడ్డు వైపు కొన్ని సాళ్ళు మాత్రం వేసి, లోపలంతా తన పాత విత్తనమే వేసుకుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అందరూ అదే పని చేశారు. ముందు ఎవరూ ఎవరితోనూ అనుకోలేదట. ఇంటికొచ్చిన విరుందాళికి, అంటే అతిథికి, ఎదురు చెప్పకూడదు, అతను పెట్టమన్నది కనబడేచోట పెట్టాలి. పెళ్ళిలో ఎవరైనా ఇచ్చిన చీర నచ్చకపోయినా, వాళ్ళు వచ్చినప్పుడు కట్టుకుని కనిపిస్తామే, అలాంటి మర్యాద. ఆ మర్యాదే ఇప్పుడు చిన్నమ్మ పీకల మీదికి వచ్చింది. లోపలి చేను పోయింది. ఆ ఏడు ఎద్దుల కడుపు నింపాల్సింది ఆ రోడ్డు పక్క సాళ్ళే.

ఆ వారమే సార్ కెమెరా పట్టుకుని జీపులో వచ్చారు. రోడ్డు మీద ఆపించి, కిందికి దిగి, పిల్లవాడిలా చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. విశ్వవిద్యాలయం నుంచి పెద్దల్ని తీసుకొచ్చి చూపిస్తానన్నారు. ఇంకాసేపు అలా వదిలేస్తే పేపరు వాళ్ళని కూడా పిలిచేలా ఉన్నారు. సార్, కొంచెం లోపలికి నడుద్దామా అన్నాను. ఎందుకన్నారు. నడుద్దాం సార్ అన్నాను.

ఆయన లోపలికి వచ్చి చూశారు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. ముఖం చిన్నబోయింది. వాళ్ళు నన్ను నమ్మలేదా అని అడిగారు. నమ్మలేదు సార్, కానీ మీరంటే ఇష్టం అన్నాను. ఆ మాట ఆయనకు ఓదార్పుగా అనిపించలేదని చూస్తేనే తెలిసింది. కాసేపటికి లేచి మళ్ళీ రోడ్డు దగ్గరికి నడిచారు. వంగి తారు మీద చెయ్యి పెట్టారు. ఆ రోడ్డుకి తారు వేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా ఉంటుంది. దాని మీద పడ్డ ప్రతి చినుకూ ఇంకకుండా పక్క చేలోకి జారుతుంది. ఇక్కడి జొన్న బతికింది నా విత్తనం వల్లనా, ఈ రోడ్డు నీళ్ళ వల్లనా అని ఆయన నన్ను అడగలేదు, తనని తానే ప్రశ్నించుకున్నట్టు అన్నారు. అంతకుముందు చిన్నబోయిన ముఖంలోకి మళ్ళీ వెలుగు వచ్చింది. అప్పుడే నాకు ఆయన మీద చిరాకు తగ్గింది. తన విజయాన్ని తానే అనుమానించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మళ్ళీ ఊరివాళ్ళని కూర్చోబెట్టాం. ఈసారి చార్టు లేదు. సార్ నిలబడి, మీరు నా కోసం రోడ్డు పక్కన విత్తారని తెలిసింది, సంతోషం అన్నారు. జనం తలలు దించుకున్నారు. ఎవరిదీ తప్పు లేదన్నారు సార్. ఆ పచ్చదనం విత్తనం వల్ల వచ్చిందో రోడ్డు వల్ల వచ్చిందో తనకు తెలియదని చెప్పారు. తెలియదన్న మాట ఆయన రెండోసారి కూడా అన్నారు, ఎవరైనా వినలేదేమోనని. విశ్వవిద్యాలయం నుంచి జీపులో వచ్చిన మనిషి నోటి నుంచి ఆ మాట వాళ్ళు ఎప్పుడూ విని ఉండరు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. ఆ ఊళ్ళో గొర్రు పట్టడంలో అతనిది మంచి చెయ్యి. తమిళంలో మొదలుపెట్టి, మాట తన్నుకొచ్చేసరికి తెలుగులోకి దిగాడు.

"నానిన ఇత్తనం ఆరితే సచ్చిపోతాది సార్. వాన ఆ పని సేస్తే మేము ఏడుస్తాం. మీరు దాన్నే తొట్టిలో సేసి మంచిదంటా ఉండారు."

నేను నిర్ఘాంతపోయాను. ఇదా సంగతి. సార్ చెప్పిందాన్ని వాళ్ళు వినకపోవడం కాదు, చాలా బాగా విన్నారు. ఏటా తమ కడుపు కొట్టే మోసపు జల్లునే ఈయన తొట్టిలో కురిపిస్తున్నాడని వాళ్ళకు అనిపించింది. ఆ మాట మొదటి రోజే అని ఉంటే సార్ అప్పుడే జవాబు చెప్పేవారు. ఇప్పుడు చెప్పారు. మొలక బయటికి వచ్చాక ఆరితే చస్తుంది, రాకముందే ఆరితే చావదు, తేడా అక్కడే ఉందన్నారు. అయితే ఎందుకు గట్టిపడుతుందని ఒకావిడ అడిగింది. తెలిసినంత చెప్పి, అంతకు మించి తనకూ సరిగ్గా తెలియదన్నారు. ఇక చూడాలి. అంతవరకూ సరి సార్ తప్ప మరో మాట ఎరగని జనం ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. ఎన్ని నీళ్ళు, ఎంత సేపు, పొటాష్ చేతికి అంటితే ఏమవుతుంది, పందెం కడతారా, మీ తంజావూరులో వాన కోసం ఎప్పుడైనా చూశారా. నేను తమిళంలోకి మార్చి చెప్పలేక చేతులెత్తేశాను. సార్ మాత్రం ఆ పప్పు మిల్లులోలాగా ఎర్రబడలేదు.

అంతా చల్లబడ్డాక, వచ్చే ఏడు ఒకరి చేలో, రోడ్డుకి దూరంగా, సరిగ్గా చూద్దామని సార్ అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. చిన్నమ్మ లేచి తమిళంలోనే అంది.

"మీకే తెలీకుంటే నా సేను ఏంటికి సార్? మీ సేన్లోనే సూసుకోండి."

అది ఆమె విరుందాళితో అన్న మొదటి ఎదురుమాట. అనేసి తానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా పరిశోధన పొలానికి బావి ఉంది, కంచె ఉంది, అక్కడ బాగా వస్తే ఏమిటి, ఇక్కడ వస్తే కదా అన్నారు సార్. ఆమె తన సంగతి విప్పి చెప్పింది. రోడ్డు పక్క చొప్పతో ఎద్దులు ఈ వేసవి గడుస్తాయేమో, గడవకపోతే లేదు. వేసవంతా తాను బండెక్కి పనికి పోతుంది. ఒక్క పురట్టాసి చూస్తుంది. ఆ ఏడూ చేను పోతే ఎద్దుల్ని సంతకు తోలేసి, చేనుని వదిలేసి, ఇక ఏడాది పొడుగునా బండే. ఈ చివరి ఏడుని పట్టుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టమంటారు అంది.  గొర్రు ఒకసారి తోలినంత, అంటే ఒక పోటు, ఈ విత్తనం, పక్క పోటు ఆ విత్తనం, అలా చేనంతా మార్చి మార్చి వేద్దామన్నారు సార్. రోడ్డు వైపు మాత్రం ఈసారి పాత విత్తనమే. ఆయనకు అది రెండింటినీ పక్కపక్కన పోల్చడానికి. చిన్నమ్మకు అది ఏది చచ్చినా సగం మిగలడానికి. ఇద్దరూ ఒకే పనికి వేరువేరు కారణాలతో ఒప్పుకోవడం చూసి నాకు భలే ముచ్చటేసింది.

ఆ వేసవి చిన్నమ్మ అన్నట్టే బండెక్కింది. సెలవు రోజుల్లో వెళ్తే, ఆమె చేతులు ముంజేతుల దాకా వెండి రంగులో మెరుస్తూ ఉండేవి. ఎంత తోమినా గోళ్ళ కింద పోయేది కాదు. ఆ చేత్తోనే అన్నం పెట్టేది. అక్కడేం చేస్తావని అడిగితే, గొట్టాల్లో పొడి కూరి పక్కకు పెట్టడమేనంది. పొడి ఏమిటో ఎవరైనా చెప్పారా అని అడిగాను. ఎవరూ చెప్పలేదు, తానూ అడగలేదు. అక్కడా ఆమె సరి అనే ఉంటుందని నాకు తెలుసు. ఊళ్ళో సార్‌తో అంత వాదించిన మనిషి అక్కడ ఎందుకు అడగలేదో కూడా నాకు తెలుసు. అడిగితే మర్నాడు బండిలో చోటుండదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆ రోజు చార్టులన్నీ మడిచి ఆఫీసు బీరువాలో పడేశాను.

పురట్టాసి వచ్చింది. విత్తేటప్పుడు సార్, నేను, ముసలాయన, చిన్నమ్మ నలుగురమూ ఉన్నాం. ఏ పోటు ఏ విత్తనమో గుర్తుకి చివర కంప కొమ్మలు పాతాం. ఆ ఏడూ వాన పాత ఆటే ఆడింది. ఒక జల్లు పడి, ఆగిపోయింది. నాకు ఆఫీసులో కూర్చుంటే కాళ్ళు నిలవలేదు. రోజూ కిటికీలోంచి ఆకాశం చూసేదాన్ని. అసలైన వాన ఆలస్యంగా వచ్చింది, వచ్చి బాగానే పడింది. కార్తీకంలో వెళ్ళి చూస్తే, చేను చారల చీరలా ఉంది. ఒక పోటు పలచగా, పక్క పోటు దానికంటే కాస్త ఒత్తుగా. ఆ ఒత్తు పోట్లలోనూ ఖాళీలు ఉన్నాయి. పోయినేడు రోడ్డు పక్కన చూసిన దట్టం ఎక్కడా లేదు. ఆ దట్టం మళ్ళీ రోడ్డు పక్కనే ఉంది, మామూలు పాత విత్తనంతో.  కోత దాకా ఆగుదాం అంది చిన్నమ్మ.

కోత మాసి నెలలో, ఫిబ్రవరి చివర. ఆ రోజు సార్, నేను వెళ్ళేసరికి కంకులు కోసి, చొప్పని రెండు కుప్పలుగా వేరువేరుగా పేర్చి ఉంచింది. రోడ్డు వైపుది కలపలేదు. ఆ కుప్పల్ని చూస్తూ సార్ చుట్టూ తిరిగారు. పక్కపక్కన చూస్తే ఒకటి పెద్దదే. పెద్దదని చెప్పడానికి ఒకసారి ఆగి చూడాలి, అంతే. ఆయన గొంతు సవరించుకున్నారు. నాకు భయమేసింది. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, ఆ రోజు ఒక చిన్న అబద్ధం చెప్తే బాగుండునని నాకు అనిపించింది. పోయినేడు మనం చూసినదాంట్లో చాలావరకు రోడ్డు నీళ్ళే, విత్తనం చేసేది కొంచెమే అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నేల చూస్తున్నారు.

 చిన్నమ్మ పెద్ద కుప్ప దగ్గరికి పోయి ఒక మోపు లేపి బరువు చూసింది. చిన్న కుప్ప దగ్గర ఇంకోటి లేపింది. తర్వాత కొట్టంలో ఎద్దుల వైపు చూసింది. చేనంతా ఈ విత్తనమే వేసి ఉంటే ఇంత ఉండేదా అని పెద్ద కుప్ప చూపించి అడిగింది. ఇలాంటివి రెండు ఉండేవి అన్నారు సార్. చేనంతా పాతదే వేసి ఉంటే? ఇలాంటివి రెండు అంటూ సార్ చిన్న కుప్ప వైపు చెయ్యి చూపించారు. ఆమె మళ్ళీ లెక్క వేసుకుంది. ఆ లెక్క ఏమిటో మాకు చెప్పలేదు. చివరికి ఆయన ముందు ఎప్పుడూ మాట్లాడే తమిళం మరిచిపోయి, ఇంట్లో వాళ్ళతో మాట్లాడినట్టు తెలుగులోనే అంది.

"కొంచమంటే మీకు సిన్నదిగా ఉండాది సార్. మాకు బతికేదానికీ పోయేదానికీ తేడా ఎప్పుడూ కొంచమే. ఎద్దులకు ఎండాకాలం దాటి ఆడి నెల దాకా మేత ఉండాది. నాకు సాలు."

సార్ నా వైపు చూశారు. నేను తమిళంలో చెప్పబోయాను. ఆయనే అర్థమైందన్నట్టు తలూపారు. చిన్నమ్మ ఆయనకు కుర్చీ తేలేదు, కాఫీ మాటే ఎత్తలేదు. మోపు ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యమని ఆయన్నే అడిగింది. ఆయన చొక్కా చేతులు మడిచి మోపు లేపి ఆమె నెత్తిన పెట్టారు. కుప్పలు రెండూ కొట్టం వెనక్కి చేరేదాకా అలా ఎత్తుతూనే ఉన్నారు. చొప్ప దూగర పడి ఒళ్ళంతా దురద పుట్టి గోక్కుంటుంటే, ఊళ్ళో పిల్లలు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. అంత సంతోషం నాకు ఆ ఉద్యోగంలో మళ్ళీ కలగలేదు.

మేము బయలుదేరుతుంటే చిన్నమ్మ మోపు కింద నుంచే, బండివాడికి రేపట్నుంచి తాను రానని చెప్పేయమని నాకు అప్పగించింది. విత్తాక కూడా వీలైన రోజుల్లో పనికి పోతూనే ఉన్న ఆమె, కోత రోజులని రెండు వారాలు ఆగమని చెప్పి ఉంచిందట, ఇప్పుడు అసలే రానని చెప్పాలి. ఆ వ్యాను డ్రైవరు పెద్ద రోడ్డు మలుపులో టీకొట్టు దగ్గర ఉంటాడు. జీపు ఆపించి దిగాను. సార్ లోపలే కూర్చున్నారు. మా చిన్నమ్మ ఇక పనికి రాదని చెప్పాను. ఎప్పటిదాకా అన్నాడు. ఇంక రాదు అన్నాను. ఆ రెండు మాటలు పలకడానికి నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. డ్రైవరు గ్లాసు కడిగి పెట్టి, సరేలే, ఆ చోటు ఖాళీగా ఉండదు, నిన్ననే ఇద్దరు అడిగిపోయారు అన్నాడు.

నేను వెనక్కి తిరిగినదాన్ని ఆగిపోయాను. ఎవరు వాళ్ళు, ఏ ఊరని అడిగాను. వెంబకోట్టై పోయే దారిలో ఒక ఊరి పేరు చెప్పాడు. వాళ్ళవీ వాన చేలే, ఈ ఏడు మొలకలు మాడిపోయాయట, ఎద్దుల్ని కిందటి వారం సంతలో అమ్మేశారట.

జీపులోకి వచ్చి కూర్చున్నాక, ఏమన్నాడని సార్ అడిగారు. ఆ ఊరి పేరు చెప్పాను. ఆయనకు ఆ పేరు తెలియలేదు. ఆ ఊరికి మేమింకా పోలేదు.